పురుగంటే కేక పెట్టే పిల్లలకు పురుగుల్ని పరిచయం చేయడం ఎలా?

వానలు మొదలయ్యాయంటే చాలు, తిరుపతి, చిత్తూరు వైపు తల్లిదండ్రులు, టీచర్లు ఒకటే ప్రశ్న అడుగుతారు: “మా పాప చీమను చూసినా ఏడుస్తోంది, ఏం చేయాలి?” ఇంకొందరిది సరిగ్గా దీనికి ఎదురు ప్రశ్న: “మావాడు కనిపించిన ప్రతి పురుగునూ తొక్కి చంపుతున్నాడు, ఎలా మాన్పించాలి?” రెండింటికీ పని ఒకే చోట మొదలుపెట్టాలి. ఆ పిల్లలకు పురుగుల గురించి ఇప్పటికే ఏం తెలుసో, లోపల ఏమనుకుంటున్నారో ముందు కనుక్కోవాలి. మనం మాత్రం ఆ సంగతి అడగకుండానే పాఠం చెప్పడం మొదలుపెడతాం. “ఏం చేయదురా, పట్టుకో” అని చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. దానితో భయం రెట్టింపవుతుంది.

లక్ష్యం ఏమిటో కూడా ముందే తేల్చుకోండి. పిల్లలు పురుగుల్ని ముద్దు చేయనక్కర్లేదు. ఏది కుడుతుందో, ఏది కుట్టదో గుర్తుపట్టాలి. కుట్టేదానికి దూరంగా ఉండాలి. కుట్టనిదాన్ని చంపకుండా కాసేపు నిలబడి చూడగలగాలి. ఇంతవరకు వస్తే చాలు.

ఎనిమిది మెట్ల ఈ పద్ధతి 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సరిపోతుంది. ఇంట్లో ఒక్కరితో చేయవచ్చు, బడిలో తరగతి మొత్తంతోనూ చేయవచ్చు. మొత్తం నెల, నెలన్నర పడుతుంది. రోజూ చేయాల్సిన పని పది, పదిహేను నిమిషాలే. మన వైపు జూలై నుంచి డిసెంబరు దాకా మంచి కాలం. నైరుతి వానలు, ఆ వెనకే ఈశాన్య వానలు పడతాయి కాబట్టి పచ్చదనం ఉంటుంది, పురుగులూ వెతక్కుండానే కనిపిస్తాయి. ఎండాకాలంలో మొదలుపెడితే చీమలు, ఈగలు తప్ప పెద్దగా దొరకవు.

కావలసినవి

• తెల్ల కాగితాలు, పెన్సిళ్లు, రంగులు
• 16 బొమ్మల కార్డులు: చీమ, ఈగ, దోమ, బొద్దింక, తేనెటీగ, సీతాకోకచిలుక, గొంగళిపురుగు, తూనీగ, మిడత, అక్షింతల పురుగు, సాలీడు, తేలు, జెర్రి, వానపాము, ఆరుద్ర పురుగు, నత్త
• ముగ్గుపిండి లేదా సుద్దముక్క
• వెడల్పు మూతి ఉన్న సీసాలు రెండు, మూతికి కట్టడానికి పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండు
• భూతద్దం. లేకపోతే ఫోను కెమెరా చాలు
• కరివేపాకు మొక్క లేదా నిమ్మ మొక్క, నేలలోనిదైనా సరే, కుండీలోదైనా సరే
• ఒక నోటుపుస్తకం

వల, గుండుసూదులు, థర్మకోల్ అట్ట అక్కర్లేదు. పురుగుల్ని పట్టి గుచ్చే పని ఇందులో లేదు.

కార్డుల విషయంలో ఒక్క జాగ్రత్త. ఇంటర్నెట్‌లో దొరికే ఫోటోల్లో చాలావాటిలో ఈగ కళ్లు, చీమ కోరలు కాగితమంత పెద్దవిగా కనిపిస్తాయి. అలాంటివి చూపిస్తే ధైర్యమున్న పిల్లలూ జంకుతారు. ఇంట్లో, పెరట్లో మామూలుగా ఎలా కనిపిస్తాయో అలాంటి ఫోటోలే ఎంచుకోండి. ప్రింటు తీసే వీలు లేకపోతే మీరే గీయండి, బొమ్మ అందంగా లేకపోయినా ఫరవాలేదు. కాళ్ల లెక్క మాత్రం తప్పకూడదు.

1. ముందు బొమ్మ వేయించండి

“ఒక పురుగు బొమ్మ వేయి. అది ఎక్కడ ఉంటుందో అది కూడా వేయి” అని మాత్రమే చెప్పండి. ఏ పురుగో మీరు చెప్పకండి. “కీటకం” అని అడిగితే పెద్ద పిల్లలకు పాఠం గుర్తొచ్చి పుస్తకంలోని బొమ్మే దించేస్తారు. పదిహేను నిమిషాలు ఇవ్వండి. మధ్యలో తప్పులు దిద్దకండి.

బొమ్మ అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏమిటి? ఏం తింటుంది? నీకు ఎదురైతే నువ్వేం చేస్తావు? పిల్లలు చెప్పినది చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే కాగితం వెనక రాయండి. తేదీ వేసి దాచండి.

తర్వాత మీరొక్కరే కూర్చుని బొమ్మను చూడండి. కాళ్లు ఎన్ని, ఎక్కడి నుంచి మొలిచాయి? తలకు మీసాలున్నాయా? పురుగు ఉన్న చోటు ఏది: ఆకు మీదా, గోడ మీదా, స్నానాలగది మూలా? పక్కన చెప్పో, చీపురో, మందు కొట్టే డబ్బానో ఉందా? పురుగు పక్కన చెప్పు గీసిన పిల్లవాడు మీతో మాటల్లో చెప్పనిది కాగితం మీద చెప్పేశాడన్నమాట.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వేర్వేరుగా కూర్చోబెట్టండి. పక్కపక్కన కూర్చుంటే చిన్నవాళ్లు పెద్దవాళ్ల బొమ్మే వేస్తారు. తరగతిలో నలభై మంది ఉంటే అందరి చేతా ఒకేసారి వేయించి, ప్రశ్నలు మాత్రం రోజుకు ఏడెనిమిది మందిని పిలిచి అడగండి.

2. కార్డులతో మూడు ఆటలు

మొదటి ఆట: “ఇవి కీటకాలు, ఇవి కావు” అని రెండు కుప్పలు పెట్టమనండి. 16 కార్డుల్లో కీటకాలు మొదటి 10. సాలీడు, తేలు, జెర్రి, వానపాము, ఆరుద్ర పురుగు, నత్త కీటకాలు కావు. పిల్లలు ఎక్కడ తప్పు పెట్టారన్నదానికంటే ఎందుకలా పెట్టారన్నది ముఖ్యం. ప్రతి కార్డుకూ “ఎందుకు?” అని అడగండి. “కుడుతుంది కాబట్టి కీటకం”, “అందంగా ఉంది కాబట్టి కీటకం కాదు” లాంటి జవాబులు చాలా వస్తాయి. ఇప్పుడు దిద్దకండి, రాసుకోండి.

మీరు తడబడకుండా ఉండటానికి కావలసిన శాస్త్రం ఇంతే. కీటకానికి తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు, రొమ్ముకు అతుక్కుని 6 కాళ్లు, తల మీద ఒక జత మీసాలు ఉంటాయి. సాలీడుకు, తేలుకు 8 కాళ్లు. గొంగళిపురుగు దగ్గర పిల్లలు తప్పకుండా పేచీ పెడతారు, “దీనికి చాలా కాళ్లున్నాయి కదా” అని. దాని అసలు కాళ్లు తల వెనక ఉన్న ఆ 6 మాత్రమే. వెనక మెత్తగా కనిపించేవి పట్టుకోవడానికి ఉన్న పొట్టికాళ్లు, సీతాకోకచిలుకగా మారాక అవి ఉండవు. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ చివర, జూలై మొదట్లో, వాన వెలిసిన నేల మీద కనిపించే ఎర్రటి మఖమల్ ఆరుద్ర పురుగుకు 8 కాళ్లు. అది సాలీడుకు చుట్టం. పిల్లలందరికీ ఇష్టమైనది కాబట్టి కాళ్లు లెక్కపెట్టించడానికి దానికంటే మంచిది లేదు.

రెండో ఆట: “కుట్టేవి, కరిచేవి, ఏమీ చేయనివి” అని మూడు కుప్పలు. ఇక్కడే మీకు అసలు విషయం బయటపడుతుంది. తూనీగను కుట్టేవాటిలో, తేనెటీగను ఏమీ చేయనివాటిలో పెట్టిన పిల్లవాడికి భయం ఎక్కువా తక్కువా అన్న ప్రశ్న తర్వాతది, ముందు అతనికి ప్రమాదం ఉంది.

మూడో ఆట: “చేత్తో పట్టుకుంటాను, దగ్గర నుంచి చూస్తాను, దూరం నుంచి చూస్తాను, అసలు వద్దు” అని నాలుగు కుప్పలు. “నీకు దీనంటే భయమా?” అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు మగపిల్లలు ఎక్కువగా “లేదు” అంటారు, మీరు ఏ జవాబు ఆశిస్తున్నారో కనిపెట్టి పిల్లలు అదే చెప్పేస్తారు. “దీన్ని చూస్తే ఏమనిపిస్తుంది?” అని అడిగి ఆగండి.

అయిదేళ్ల పిల్లలకు 16 కార్డులు ఎక్కువ. ఎనిమిది చాలు: చీమ, ఈగ, సీతాకోకచిలుక, గొంగళిపురుగు, తేనెటీగ, తూనీగ, సాలీడు, తేలు.

3. గీతల పరీక్ష

నోటితో చెప్పేది వేరు, కాళ్లు చెప్పేది వేరు. వరండాలో అడుగుకో గీత చొప్పున ముగ్గుపిండితో 6 గీతలు గీయండి. ఒక చివర గుడ్డ బిగించి కట్టిన సీసాలో ఒక మిడతను పెట్టండి, రెండో చివర మొదటి గీత బయట పిల్లల్ని నిలబెట్టండి. “నీకు ఎంత దగ్గరగా బాగుంటే అంత దగ్గరికి రా” అని చెప్పి మీరు పక్కకు తప్పుకోండి. ఎన్నో గీత దగ్గర ఆగారో నోటుపుస్తకంలో రాయండి. “ఇంకొంచెం, ఇంకొంచెం” అని పిలిచారంటే పరీక్ష పాడైనట్టే, ఆ రోజుకు ఆపేయండి. పరీక్ష అయిన వెంటనే మిడతను పట్టిన చోటే వదలండి.

ఈ మూడూ అయ్యాక మీకు ఒక తేడా కనబడుతుంది. కొందరు పిల్లలది భయం: కుడుతుందేమో, మీద దూకుతుందేమో అని. కొందరిది అసహ్యం: బొద్దింకను, గొంగళిపురుగును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కుట్టదని తెలిసినా సరే. భయమున్నవాళ్లకు నాలుగో మెట్టు బాగా పనిచేస్తుంది. అసహ్యం సమాచారంతో తగ్గదు, మెల్లగా చూస్తూ చూస్తూ తగ్గుతుంది. వాళ్లకు ఏడో మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. బొద్దింక, ఈగల మీద అసహ్యాన్ని మాత్రం పోగొట్టాలని చూడకండి. అవి మురికి మీద తిరిగి వచ్చి అన్నం మీద వాలతాయి, ఆ జాగ్రత్త ఉండాల్సిందే.

4. ప్రమాదమున్నవాటిని ముందు చెప్పండి

చాలామంది సీతాకోకచిలుకతో మొదలుపెడతారు. నేను ఒప్పుకోను. భయపడే పిల్లల మనసులో ఉన్న ప్రశ్న “ఏది నన్ను కుడుతుంది?” అన్నదే. దానికి జవాబు దొరికేదాకా మీరు చెప్పే మిగతా మంచి కబుర్లేవీ వాళ్ల చెవికెక్కవు. జాబితా చిన్నదని తెలిస్తేనే తక్కినవాటి మీద భయం సడలుతుంది. మన ప్రాంతంలో పిల్లలకు నేర్పాల్సినవి ఇవి:

• తేనెపట్టు: చెట్ల మీద, ఎత్తైన భవనాలకు, నీళ్ల ట్యాంకులకు వేలాడే పెద్ద పట్టు కనిపిస్తే దూరంగా వెళ్లిపోవాలి. రాయి వేయకూడదు, కింద పొగ పెట్టకూడదు, టపాకాయ కాల్చకూడదు. పూల మీద ఒంటరిగా తిరిగే తేనెటీగను రెండడుగుల దూరం నుంచి నిశ్చింతగా చూడవచ్చు.
• కందిరీగ: కిటికీ మూలల్లో, చూరు కింద గూడు కడుతుంది. గూడును కదపకూడదు.
• మునగచెట్టు గొంగళిపురుగులు: వానాకాలంలో కాండం మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి. వాటి వెంట్రుకలు తగిలితే విపరీతమైన దురద, దద్దుర్లు. ఒళ్లంతా వెంట్రుకలున్న ఏ గొంగళినీ ముట్టుకోవద్దని చెప్పండి.
• నలుపు మీద నారింజరంగు పట్టీలున్న పెంకుపురుగు: బెండ, గోంగూర పూల దగ్గర కనిపిస్తుంది. దీన్ని ఒంటి మీద నలిపితే బొబ్బలు లేస్తాయి.
• తేలు, జెర్రి: ఇవి కీటకాలు కాకపోయినా జాబితాలో ఉండాలి. రాళ్లు, కట్టెల మోపులు, ఇటుకల కుప్పలు పిల్లలు ఎత్తి చూడకూడదు. ఎర్రతేలు కుట్టడం చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. గోరుతోనో కార్డు అంచుతోనో వెంటనే గీరి తీసేయండి. ఎలా తీశారన్నదానికంటే ఎంత త్వరగా తీశారన్నది ముఖ్యం. సబ్బునీళ్లతో కడిగి చల్లటి తడిగుడ్డ పెట్టండి. సున్నం రాయకండి. పెదవులు, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా, వాంతి, కళ్లు తిరగడం ఉన్నా, చాలా ఈగలు కుట్టినా 108కు ఫోన్ చేయండి. గొంగళి వెంట్రుకలు గుచ్చుకుంటే రుద్దకూడదు. ప్లాస్టర్ టేపు అంటించి లాగితే ఊడి వస్తాయి, తర్వాత కడగాలి.

5. చీమలతో మొదలు

చీమ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. చిన్న నల్లచీమల బారు ఉన్నచోట, బారుకు జానెడు దూరంలో, బెల్లం ముక్క, ఉప్పు, బియ్యప్పిండి, ఇడ్లీ తునక చిన్న చిన్న కుప్పలుగా పెట్టండి. ఏది ముందు దొరకబుచ్చుకుంటాయో పిల్లల్ని ముందుగా ఊహించి చెప్పమనండి, తర్వాత చూడమనండి.

బారు కట్టాక తడివేలితో దారిని అడ్డంగా ఒకసారి తుడవండి. చీమలు అక్కడ ఆగి అటూ ఇటూ వెతుక్కుంటాయి. ముందు వెళ్లిన చీమ నేల మీద వదిలిన వాసనను పట్టుకుని వెనకవి నడుస్తాయి, మీరు తుడిచింది ఆ వాసననే. ఇది చూశాక చీమను తొక్కే పిల్లలు కూడా కాసేపు చేతులు కట్టుకుని కూర్చుంటారు.

ఎర్రచీమల దగ్గర ఈ పని పెట్టుకోకండి, కుడతాయి. పల్లెలో మామిడితోట ఉంటే, ఆకుల్ని దగ్గరికి లాగి కుట్టి గూడు కట్టే ఎర్రచీమల్ని దూరం నుంచి చూపించండి. తమ పిల్లపురుగుల నుంచి వచ్చే పట్టుదారంతోనే అవి ఆకుల్ని అతికిస్తాయి. ఈ సంగతి చెబితే పెద్ద పిల్లలు కదలకుండా వింటారు.

6. చిక్కుడు పాదు దగ్గరికి తీసుకెళ్లండి

పురుగులన్నీ ఒకటే అన్న అపోహ పోవడానికి చిక్కుడు పాదు కంటే మంచి చోటు నాకు తెలియదు. లేత కొసల మీద పేనుబంక అనే సన్నటి పురుగుల గుంపు నల్లగా గుమిగూడి రసం పీలుస్తూ ఉంటుంది. ఆ పేనుబంక విడిచే తీపి రసం కోసం చీమలు వస్తాయి. పేనుబంకను తినడానికి అక్షింతల పురుగు, దాని పిల్లపురుగులు వస్తాయి. అక్షింతల పురుగు పిల్ల నల్లగా, ముళ్లముళ్లగా, చిన్న మొసలిలా ఉండి తల్లి పోలిక ఏమాత్రం ఉండదు. రైతులు కూడా కొందరు దాన్ని చెడ్డ పురుగనుకుని మందు కొట్టేస్తారు. పిల్లలకు రెండింటినీ చూపించి, “ఇది అదే” అని చెప్పండి.

ఒక కొస దగ్గర పది నిమిషాలు కూర్చోమనండి. ఎవరు ఎవర్ని తింటున్నారో, ఎవరు ఎవరికి కాపలా ఉన్నారో బాణం గుర్తులతో నోటుపుస్తకంలో గీయమనండి.

అపార్ట్‌మెంటులో ఉంటే? బాల్కనీలో చిక్కుడు గింజలు రెండు కుండీలో వేయండి, మందు కొట్టకండి. పేనుబంక మీరు పిలవకపోయినా వస్తుంది. బడిలో పెరటితోట ఉంటే అదే చాలు. శేషాచలం అడవి వైపు తీసుకెళ్లాలని ఆశపడకండి. అది రక్షిత ప్రాంతం, అక్కడ ఏ ప్రాణినీ పట్టకూడదు, పైగా చిన్నపిల్లల్ని పొదల్లోకి పంపడం క్షేమం కాదు. జిల్లేడు చెట్టు మీద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపిస్తే చూడవచ్చు. ఆకు మాత్రం తుంచనివ్వకండి, జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

7. కరివేపాకు మీది గొంగళిని పెంచండి

అన్నింటిలోకి ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వెతకడం: కరివేపాకు, నిమ్మ మొక్కల లేత ఆకుల మీద పిట్ట రెట్టలా గోధుమరంగు మీద తెల్ల మచ్చతో ఉన్న చిన్న పురుగు కోసం చూడండి. అది నల్ల సీతాకోకచిలుకదో, నిమ్మ సీతాకోకచిలుకదో గొంగళి. పెరిగే కొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. దీనికి దురద పెట్టే వెంట్రుకలు ఉండవు. కదిపితే మాత్రం తల వెనక నుంచి చీలిన నాలుకలాంటి కొమ్మును బయటికి తీస్తుంది, ఘాటైన వాసన వస్తుంది. అది బెదిరింపు మాత్రమే, ఏమీ చేయదు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఉలిక్కిపడతారు.

పెట్టడం: గొంగళిని చేత్తో లాగకండి. ఉన్న ఆకుతో సహా తుంచి సీసాలో పెట్టండి. అడుగున కాగితం పరచండి. గుడ్డతో మూతి కట్టండి. ఒక ఎండుపుల్లను ఏటవాలుగా నిలపండి. ఒక సీసాకు ఒకటి, మహా అయితే రెండు. సీసాను ఎండలో పెట్టకండి.

మేత: రోజూ తాజా ఆకు వేయాలి. బజారులో కొన్న కరివేపాకు వేయకండి. కడిగినా సరే, దాని మీద కొట్టిన మందు మిగిలి ఉంటే గొంగళి ఒక్క పూటలో చచ్చిపోతుంది. ఈ ప్రయత్నం విఫలమయ్యే ఇళ్లలో కారణం ఎక్కువగా ఇదే. ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకే వేయండి. ఆకు వాడిపోకుండా సీసాలో నీళ్లు పోసి పెడితే గొంగళి అందులో పడి చస్తుంది. కాడకు తడిదూది చుడితే చాలు. రోజూ రెట్టలు దులిపి కాగితం మార్చండి, లేకపోతే బూజు పడుతుంది.

మారడం: రెండు వారాల దాకా తిని, ఒకరోజు తినడం మానేసి సీసా అంతా తిరుగుతుంది, పల్చగా విసర్జిస్తుంది. జబ్బు చేసిందని పారేయకండి. పుల్లకు నడుము చుట్టూ దారం కట్టుకుని ప్యూపాగా, అంటే సీతాకోకచిలుక అయ్యే ముందు తిండి లేకుండా కదలకుండా ఉండే దశలోకి, మారబోతోంది. ఇంకో పది రోజుల అటూ ఇటూ సీతాకోకచిలుక బయటికి వస్తుంది. బయటికి రావడానికి ముందు ప్యూపా రంగు ముదురుతుంది, లోపలి రెక్కల రంగు బయటికి కనిపిస్తుంది. వచ్చేటప్పుడు సాయం చేయకండి, ప్యూపా తొడుగు చీల్చకండి. రెక్కలు ఆరడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఆ తర్వాత మొక్క దగ్గర గుడ్డ విప్పి వదిలేయండి.

ఒక్కోసారి ప్యూపా నుంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగలాంటిదో ఈగో వస్తుంది. గొంగళి చిన్నగా ఉన్నప్పుడే అవి దాని మీద, దాని లోపల గుడ్లు పెట్టి ఉంటాయి. పిల్లలు బాధపడతారు. దాచకుండా జరిగింది చెప్పండి. తోటలో గొంగళులు మితిమీరకుండా ఉండేది ఇలాంటి పురుగుల వల్లే.

మీరు పలమనేరు, కుప్పం వైపు ఉంటే మరో దారి ఉంది. పట్టుపురుగులు పెంచే రైతును అడిగి నాలుగు పురుగులు, నాలుగు మల్బరీ రెమ్మలు తెచ్చుకోవచ్చు. పట్టుపురుగు ఎక్కడికీ పారిపోదు, చేతిలో పెట్టుకోవచ్చు, నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది, నెల తిరగకుండా గూడు అల్లుతుంది. ఒక్కో గూడులో కిలోమీటరుకు అటూ ఇటూ పొడవున ఒకే పోగు ఉంటుంది. అసహ్యం ఉన్న పిల్లలకు ఇది గొంగళి కంటే మంచి మొదలు. వీలైతే షెడ్డులో చంద్రికల మీద, అంటే గూళ్లు కట్టడానికి పురుగుల్ని వదిలే తట్టల మీద, పురుగులు గూళ్లు కట్టడం చూపించండి. “తర్వాత వీటిని ఏం చేస్తారు?” అని పిల్లలు అడుగుతారు. వేడినీళ్లలో వేసి దారం తీస్తారని, లోపలి పురుగు చనిపోతుందని సూటిగా చెప్పండి. అబద్ధం చెబితే తర్వాత మీరు చెప్పిన మిగతా మాటలనూ నమ్మరు.

8. దోమను కూడా వదలకండి

చంపాల్సిన పురుగు గురించీ పిల్లలకు తెలియాలి. ఇంటి చుట్టూ పాత టైరులో, కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లలో కొంకర్లు తిరిగే పిల్లపురుగుల్ని చూపించండి. దోమ పిల్లలు అవేనని చాలామంది పిల్లలకు తెలియదు. గాజుగ్లాసులో తీసి, గుడ్డ గట్టిగా కట్టి, రెండు రోజులు చూడనిచ్చి, ఎండిన మట్టి మీద పారబోయండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే, అంటే నిలిచిన నీళ్లన్నీ పారబోసే రోజు, పాటించమని చెప్పేది అందుకే. ఆడదోమ మాత్రమే కుడుతుందని, డెంగీ దోమ పగలు కుడుతుందని చెప్పండి. మలేరియా క్రిమిని దోమలో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ వైద్యుడు కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాదులోనే.

తరచూ జరిగే పొరపాట్లు

పెద్దల ముఖం. బొద్దింక కనిపించగానే మీరు మంచమెక్కి అరిచి, తర్వాత పాపకు ధైర్యం చెబితే పాప మీ అరుపునే నేర్చుకుంటుంది. మీకూ భయముంటే ఈ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. చాలా ఇళ్లలో తాతయ్య, అమ్మమ్మ ఇందుకు బాగా సరిపోతారు. పొలం పని చేసినవాళ్లకు పురుగుల పేర్లూ తెలుసు, బెదురూ ఉండదు.

“ఇంత పెద్దవాడివి, చీమకు భయమా?” అని నలుగురిలో అనడం. ఆ తర్వాత వాడు భయాన్ని దాచుకుంటాడు, లేదా ధైర్యం చూపించడానికి పురుగుల్ని నలిపి చంపుతాడు. చంపే పిల్లల్లో భయపడే పిల్లలు చాలామంది ఉంటారు.

అన్నం తినకపోతే పురుగు కరుస్తుందని బెదిరించడం. ఇది ఈ రోజు నుంచే మానేయండి.

తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే పిల్లల్ని కొట్టడం. ఆ ఆట తరతరాలుగా ఉంది, వాళ్లకు అందులో క్రూరత్వం కనిపించదు. తూనీగ పిల్లలు నీళ్లలో పెరుగుతూ దోమ పిల్లల్ని తింటాయని, పెద్దదయ్యాక గాల్లో దోమల్ని పట్టి తింటుందని చెప్పి, ఏ పుల్ల మీద వాలి ఎగిరిందో మళ్లీ అదే పుల్లకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టమనండి. ఈ లెక్క దారం కంటే ఎక్కువసేపు ఆడిస్తుంది.

వాన తర్వాత దీపం చుట్టూ చేరే ఉసుళ్లను చూడగానే లైటు ఆపి తలుపులు మూసేయడం. వీధిదీపం కింద పిల్లలతో నిలబడి చూడండి. అవి రెక్కలొచ్చిన చెదలు, కొత్త పుట్ట పెట్టడానికి బయలుదేరినవి.

అన్ని మెట్లూ ఒక్క ఆదివారంలో ముగించాలనుకోవడం. చీమల దగ్గర స్థిమితపడకుండా గొంగళి దగ్గరికి వెళితే మళ్లీ మొదటికి వస్తారు.

ఫలితం ఎలా చూసుకోవాలి?

చివరి మెట్టు అయిన వారం తర్వాత బొమ్మ, కార్డులు, గీతలు మూడూ అదే వరుసలో మళ్లీ చేయించండి. మొదటి బొమ్మ ఇప్పుడే చూపించకండి, రెండోది పూర్తయ్యాక పక్కపక్కన పెట్టండి.

బొమ్మలో కాళ్లు 6కు వచ్చాయా, అవి పొట్ట నుంచి కాకుండా రొమ్ము నుంచి మొలిచాయా చూడండి. చోటు వివరంగా వేశారా, అంటే గోడకు బదులు ఒక ఆకు, ఆ ఆకుకు కొరికిన అంచు ఉన్నాయా? కార్డుల్లో “ఎందుకు?” అన్నదానికి “కుడుతుంది కాబట్టి” పోయి “కాళ్లు ఆరు కాబట్టి” వచ్చిందా? గీతల్లో ఒకటి రెండు గీతలు ముందుకు వచ్చినా మంచి మార్పే. మొదటి గీత దగ్గరే ఆగి, అరవకుండా నిలబడి చూసినా మార్పే.

ఇంట్లో మాటలు గమనించండి. “అమ్మా, పురుగు!” అన్న పిల్ల “అమ్మా, మిడత!” అంటోందా? పేరు పెట్టి పిలవడం మొదలైతే దారిలో పడినట్టు.

ఒక్క ఫలితం చూసి మాత్రం సంతోషపడకండి. ఏ పురుగునైనా, తేలునైనా, తేనెపట్టునైనా చేత్తో పట్టుకుంటానని బయలుదేరితే అది ధైర్యం కాదు, నాలుగో మెట్టు సరిగా ఎక్కలేదని అర్థం. రెండో ఆట కార్డులతో మళ్లీ మొదలుపెట్టండి. కందిరీగ కనిపిస్తే తనంతట తానే పక్కకు తప్పుకుని, తూనీగ కనిపిస్తే ఆగి చూసే పిల్లలు కావాలి మనకు.

పేర్లు తెలియని పురుగు దొరికితే ఊహించి చెప్పకండి. ఫోనులో ఫోటో తీసి ఊళ్లో వ్యవసాయ సహాయకులను అడగండి. తిరుపతిలో ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది, అక్కడ కీటకశాస్త్రం చదివేవాళ్లు, చెప్పేవాళ్లు ఉంటారు. “నాకు తెలియదు, కనుక్కుందాం” అని పిల్లల ముందు అనడం మంచిదే.

ఇవన్నీ చేసినా కొందరిలో భయం తగ్గదు. పురుగు ఉంటుందేమోనని వారాల తరబడి స్నానాలగదికి వెళ్లకపోయినా, బయట ఆడుకోవడం మానేసినా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా ఈ మెట్లు ఆపేసి పిల్లల డాక్టరును కలవండి. వెళ్లేటప్పుడు ఆ రెండు బొమ్మలు, గీతల లెక్క రాసిన నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, దేనికి, ఎంత భయమని డాక్టరు అడిగే ప్రశ్నలకు జవాబులు చాలావరకు అందులోనే ఉంటాయి.